రెండో చీటీ

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ బలవంతపెట్టేవారు కాదు. అంతా దేవుని చిత్తమే. ఆ చిత్తం ఎప్పుడు చూసినా మా నాన్న చిత్తంతో అచ్చు గుద్దినట్టు కలిసేది, అదొక్కటే ఆశ్చర్యం.

రేపల్లెలో మాది లూథరన్ కుటుంబం. ఏదైనా ఎటూ తేలకపోతే నాన్న రెండు చీటీలు రాసి, మడిచి, బైబిల్లో పెట్టేవారు. అందరం మోకరించి ప్రార్థన చేశాక, ఎవరి సంగతైతే వాళ్ళు కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. గోడలకు ఏ రంగు వేయాలన్నా, గేదెను అమ్మాలా వద్దా అన్నా ఇదే పద్ధతి. గేదెకు మాత్రం చీటీ తీసే భాగ్యం దక్కలేదు.

ఇంటర్ అయ్యాక బాపట్లలో వ్యవసాయం చదవాలని నాకు పిచ్చి కోరిక. ఇంటర్లో లెక్కలూ బయాలజీ రెండూ చదివాను, ఎటైనా సీటొచ్చే మార్కులూ ఉన్నాయి. నాన్నకేమో ఇంజనీరింగ్.

"నీ ఇష్టమేనమ్మా, నేనెందుకు కాదంటాను? అయినా ఆయన్నో మాట అడుగుదాం" అని బైబిల్ తెచ్చారు.

నేను తీసిన చీటీలో బాపట్ల అని ఉంది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నాన్న చెయ్యి చాపారు. ఇచ్చాను. కళ్ళజోడు సర్దుకుని, చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ప్రార్థన కుదురుగా జరగలేదమ్మా. మీ అమ్మ పాలు దించడానికి మధ్యలో లేచిందిగా. ఇంకోసారి తియ్యి."

తీశాను. ఇంజనీరింగ్. నాన్న వెంటనే "ఆమెన్" అన్నారు. ఈసారి ప్రార్థనలో ఏ లోపమూ కనపడలేదు. పాలు పొంగబోయిన పాపానికి నా బాపట్ల గంగలో కలిసింది.

నాలుగేళ్ళు కరెంటు గురించి చదివి, ఇప్పుడు తెనాలిలో ఒక ఆఫీసులో కాగితాల మీద ముద్రలు వేస్తున్నాను. నా చదువుకు సంబంధించి రోజూ కనిపించేది కిటికీ అవతలి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. రైలు బాపట్లలో ఆగితే ఇప్పటికీ ఏడుపొస్తుంది. పాతికేళ్ళుగా నాన్నను తిట్టుకుంటూనే ఉన్నాను, మనసులోనే లెండి.

ఈ ఏడాది మా అమ్మాయికి ఇంటర్ అయింది. ఫిషరీస్ చదువుతుందట, నిజాంపట్నం రేవులో ఉద్యోగం చేస్తుందట. నేను డిగ్రీలో కంప్యూటర్లన్నాను. "అయినా నీ ఇష్టమేననుకో" అని కూడా అన్నాను, విశాల హృదయం కదా. ఆదివారం చర్చి నుంచి రాగానే కూర్చుని రెండు చీటీలు రాశాను.

అది కళ్ళు మూసుకుని తీసింది. ఫిషరీస్.

"ప్రార్థన సరిగ్గా కుదర్లేదే. మధ్యలో కుక్కర్ కూత వేసింది. ఇంకోసారి తియ్యి," అన్నాను చెయ్యి చాపి. అన్నాక గానీ తెలియలేదు. అచ్చం మా నాన్న మాటే.

మా అమ్మాయి చీటీని ఫోను కవర్లో దోపుకుంది.

"తియ్యనమ్మా. అసలు ఇది రాకపోయినా నేను ఫిషరీసే చదివేదాన్ని. నీ తృప్తి కోసం తీశానంతే" అని, అప్లికేషన్ నింపుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

నా చెయ్యి ఇంకా చాపే ఉంది. ఆ రోజు నాన్న కూడా ఇంతే చేశారు, చెయ్యి చాపారు. ఆయన నా చీటీ లాక్కోలేదు. నేనే ఇచ్చాను.