సమాయిల్ షెడ్డులో నేను పెట్టిన సంతకం

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఖర్జూరం కోతలు ముగిసే రోజుల్లో, నన్ను ఒమాన్‌లో మత్రా రేవు దగ్గరి ఆఫీసు నుంచి లోపలి ఊరు సమాయిల్‌లోని ప్యాకింగ్ షెడ్డుకు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు.

మా యజమాని ఐనార్ నార్వే దేశస్థుడు. పడుచు వయసులో సరుకు ఓడ మీద స్టోర్‌కీపరుగా వచ్చి, మత్రాలో దిగిపోయి, ఒమాన్ ఖర్జూరాన్ని తన దేశపు బేకరీలకు అమ్మడం మొదలుపెట్టారు. పెళ్లి చేసుకోలేదు. పాతికేళ్లుగా కొంటున్న పెద్ద బేకరీ ఒకటుండేది. ఆయన మీద నమ్మకంతో వాళ్లు చాలాకాలం పెట్టెలు విప్పి చూడనే లేదు.

ప్రతి వంద పెట్టెల్లో ఐదు విప్పి చూడడం నా పని. బతికున్న పురుగు ఒక్కటి కనిపించినా సరుకంతా మళ్లీ పట్టా కప్పి మందు పొగ పెట్టాలి. దానికి వారం పడుతుంది.

ఒకరోజు సాయంత్రానికల్లా కంటైనర్ రేవుకు చేరాలి. కాయలు ఏరే కడప రమణమ్మ నన్ను పిలిచింది.

"సార్, ఈ పెట్టెలో పురుగు కదలతాండాది."

ఇంకో పది పెట్టెలు విప్పించాను. ఏమీ లేదు.

"ఒక్కటేగా, రమణమ్మా."

"ఒగటి కనపడ్నాదంటే కనపడనివి ఎన్నుండాయో. పెద్దసారుకు ఒక మాట చెప్పండి సార్."

చెబితే ఐనార్ ఆపేస్తారని నాకు తెలుసు. ఓడ తప్పితే క్రిస్మస్ సరుకు తప్పినట్టే. 'పురుగులు లేవు' అని రాసి సంతకం పెట్టాను.

నార్వేలో బేకరీ వాళ్లు ఈసారి విప్పి చూస్తే కంటైనర్ నిండా పురుగులు కనిపించాయి. బేకరీ కొనడం మానేసింది. ఐనార్ నా రిపోర్టు పట్టుకుని సమాయిల్ వచ్చారు.

"రాజూ, ఆ రోజు నీకు కనిపించిందా?"

"కనిపించింది సార్."

"ఫోన్ చేయాల్సింది. ఇంకో ఓడ ఉండేది."

తప్పు తనదేనని బేకరీకి ఉత్తరం రాశారు. అందులో నా పేరు లేదు. మరుసటి ఏడు షెడ్డు మూసి, నార్వే వెళ్లిపోయారు. పని పోయిన రమణమ్మ అల్ హైల్ అనే చోట ఒకరింట్లో ఇంటిపనికి కుదిరింది. విమానాశ్రయంలో ఐనార్‌ను క్షమాపణ అడుగుదామనుకున్నాను. ఆయన మా అమ్మాయి చదువు గురించి అడుగుతుంటే జవాబు చెబుతూ ఉండిపోయాను.

ఇన్‌స్పెక్టర్ చూసింది చూసినట్టు రాయాలి, యజమానికి ఆ గంటలోనే చెప్పాలి. సరుకు పంపాలా ఆపాలా అన్నది ఐనార్ తేల్చుకోవలసిన సంగతి. ఆయన్ను అడక్కుండా నేను తేల్చేశాను.