మిల్లు ఊళ్లో బాబాయి సమాధి

అక్టోబరు మొదటి వారంలో ఒక సాయంత్రం జార్జియాలో, అట్లాంటా దగ్గరున్న కమ్మింగ్ నుంచి మా చెల్లెలు నిస్సీ ఫోన్ చేసింది.

"సుమక్కా, డాడీని ఇక్కడికి మూవ్ చేస్తున్నాం. మమ్మీ ఒక్కతే వెళ్తాను అంటుంది. నాకు సెవెంత్ మంత్ కదా, డాక్టర్ ఫ్లై చేయొద్దు అన్నారు. నువ్వు వెళ్తావా, ప్లీజ్?"

డాడీ అంటే మా ప్రసాద్ బాబాయి. ఆయన ప్రభువునందు నిద్రించి ఏడేళ్లయింది. మెయిన్ రాష్ట్రం ఉత్తర భాగంలో, కాగితం మిల్లు ఉన్న ఒక చిన్న ఊళ్లో ఆయన ఇంజనీరుగా బతుకంతా గడిపారు. ఆ ఊరి సమాధుల తోటలోనే ఆయన్ని పెట్టారు. ఆ తర్వాత కరుణ పిన్ని ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వచ్చేసింది. ఏడేళ్లలో రెండుసార్లు మాత్రమే వెళ్లగలిగింది. "రేపు నేను పోతే నన్నెక్కడ పెడతారు? ఆయన అక్కడ, నేను ఇక్కడా?" అని ఈ మధ్య తరచూ అంటోందట. నవంబరు దాటితే అక్కడ నేల రాయిలా గడ్డకడుతుంది, మే నెల దాకా తవ్వడం కుదరదు (జనవరిలో పోయిన బాబాయిని కూడా మేలోనే పెట్టగలిగారు). అందుకే ఈ తొందర.

ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్లు మనసు విప్పి చెప్పుకున్న మాటలు ఇందులో ఉన్నాయి. వెళ్లాలనుకునేవారికి బ్యాంగర్ నుంచి ఉత్తరంగా రెండు గంటల దారి అని చెబితే సరిపోతుంది. ఆ నది పొడవునా అలాంటి ఊళ్లు చాలానే ఉన్నాయి.

నెలాఖరులో ఆఫీస్‌కి రెండు రోజులు లీవ్ పెట్టి బయలుదేరాను. వర్జీనియాలో, షాంటిలీలోని మా ఇంటి నుంచి డల్లెస్ ఎయిర్‌పోర్ట్ పావుగంట. ఉదయం ఏడింటి విమానానికి ఫిలడెల్ఫియాలో దిగాను. పిన్ని అట్లాంటా నుంచి వచ్చి గేటు దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో పులిహోర డబ్బా.

"సెక్యూరిటీ వాడు మూత తీయించాడే సుమా. పసుపు చూసి ఏమనుకున్నాడో ఏమో, రెండుసార్లు వాసన చూశాడు" అని నవ్వింది. ఆ ప్రయాణంలో పిన్ని నవ్వడం అప్పుడొక్కసారే చూశాను.

బ్యాంగర్ వెళ్లే విమానం చిన్నది. పిన్ని పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. మేం వెళ్లే ఊరి పేరు విని ఆశ్చర్యపోయింది. "అక్కడికా? అక్కడ చూడ్డానికి ఏం మిగిలింది?"

"మా ఆయన ఉన్నారు" అంది పిన్ని.

"ఓ, మంచిది. ఏం చేస్తుంటారు?"

పిన్ని కాసేపు కిటికీ వైపు చూసింది. "మిల్లులో చేసేవారు" అని ఊరుకుంది. ఆవిడకు అప్పుడు అర్థమైనట్టుంది, పిన్ని చేతి మీద చెయ్యి వేసి ఇంకేం అడగలేదు.

ఒంటిగంటకి దిగి, ఎయిర్‌పోర్ట్‌లోనే సూప్ తాగి, అద్దె కారు తీసుకున్నాం. బ్యాంగర్ దాటకముందే ట్యాంకు నింపుకోవడం మంచిది. గంట తర్వాత ఫోన్ సిగ్నల్ పోతుంది. దారి పొడవునా మూస్ అనే పెద్ద దుప్పులు అడ్డం వస్తాయని హెచ్చరిక బోర్డులు. ఆకులన్నీ రాలిపోయాయి. కుడివైపు నది మాత్రం మాతోపాటే వస్తోంది.

పిన్ని ఆ దారిలో ఊరి కథంతా చెప్పింది. ఆమెకు అది అత్తారింటి కథ లాంటిది, పెళ్లయిన కొత్తలోనే కాపురానికి వచ్చిన చోటు. మొదట అక్కడ అడవి తప్ప ఏమీ లేదట. నదిలో నీళ్లు ఎత్తు నుంచి దూకే చోటు చూసి ఒక కంపెనీ మిల్లు పెట్టింది. పనివాళ్ల కోసం ఆ తర్వాత ఊరు కట్టింది. ఇళ్లు, బడి, ఆసుపత్రి, పిల్లలు మంచు మీద ఆడుకునే మైదానం, అన్నీ కంపెనీవే. కెనడా నుంచి ఫ్రెంచివాళ్లు వచ్చారు, ఇటలీ నుంచి తాపీ పనివాళ్లు వచ్చారు. వసంతంలో మంచు కరిగితే పైనుంచి దుంగలు కొట్టుకొచ్చి నీళ్లు కనపడనంతగా నది నిండిపోయేదని పాతవాళ్లు చెప్పేవారట. పిన్ని వచ్చేనాటికి దుంగలు లారీల్లో వస్తున్నాయి.

"టెలిఫోన్ డైరెక్టరీలకి పల్చటి కాగితం ఉంటుంది చూడు, అది మా మిల్లుదే. ఎక్కడికి ట్రిప్‌కి వెళ్లినా మీ బాబాయి హోటల్ రూమ్‌లో ముందు డైరెక్టరీ తీసేవారు. పేజీ వేళ్లతో నలిపి చూసి, ఇది మనదే కరుణా, అనేవారు. మనదే అంటే వాళ్ల తాతగారిదేమో అన్నట్టు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఫోన్లు జేబుల్లోకి వచ్చేశాయి. డైరెక్టరీలు ఎవరికి కావాలి?"

ఊరు దగ్గరపడుతుంటే పిన్ని కారు అద్దం దించింది. చలిగాలి కొట్టింది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చి, "వాసన లేదే" అంది. కలప ఉడికే ఆ వాసన కుళ్లిన గుడ్ల వాసనలా ఉండేదట. కొత్తగా వచ్చినప్పుడు వారం రోజులు అన్నం సయించలేదట. అద్దం ఎత్తమంటానేమోనని నా వైపు చూసింది. నేను హీటర్ పెంచాను.

నాలుగింటికి ఊళ్లోకి వచ్చేసరికి ఎండ పల్చబడింది. పెద్ద వీధిలో సగం షాపులకి చెక్కలు కొట్టేశారు. నిస్సీ చదివిన హైస్కూల్ మూతపడింది. నిస్సీ పుట్టిన ఆసుపత్రి ఉంది గానీ అందులో ఇప్పుడు కాన్పులు చేయరు. నొప్పులొస్తే గంటన్నర దూరం పోవాలి. వీధి చివర మిల్లు ఉండాల్సిన చోట తీగ కంచె, దాని వెనక చదును చేసిన నేల, విరిగిన ఇటుకల గుట్టలు. యంత్రాలను ఊడదీసి వేరే దేశానికి అమ్మేశారట. పిన్ని కారు దిగి కంచె వెంట కొంత దూరం నడిచింది.

"గేటు ఎక్కడుండేదో తెలియట్లేదే" అంటూ తిరిగొచ్చింది.

ఊళ్లో ఉన్నది ఒకటే మోటెల్. చలికాలం వేటగాళ్లతో, మంచు బండ్ల వాళ్లతో నిండుతుంది కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. నడిపే ఆవిడ పేరు డోనా. పిన్నిని చూడగానే కౌంటర్ వెనక నుంచి వచ్చి కౌగిలించుకుంది.

"చర్చి విందులకు పసుపు అన్నం తెచ్చేవారు మీరు! రేపటి సంగతి విన్నాను" అని గొంతు తగ్గించింది. "మీకు తెలుసుగా, ఇప్పుడు సమాధుల తోట చూసుకునేది లియో. తవ్వాల్సింది కూడా అతనే."

పిన్ని మొహంలో రంగు మారింది. గదిలోకి వెళ్లాక, పులిహోర తింటూ, లియో ఎవరో చెప్పింది.

లియో మిల్లులో యంత్రం నడిపేవాడు, బాబాయికి ఈ దేశంలో దొరికిన మొదటి స్నేహితుడు. మంచు మీద స్కేటింగ్ నేర్పిస్తానని తీసుకెళ్లి మొదటిరోజే బాబాయి మణికట్టు విరగ్గొట్టించాడు. చర్చిలో రెండు కుటుంబాలూ ఒకే బల్ల మీద కూర్చునేవి. ఏళ్లు గడిచాక బాబాయి సూపరింటెండెంట్ అయ్యారు. డైరెక్టరీ కాగితం యంత్రం ఆపేయాలని కంపెనీ నిర్ణయించినప్పుడు, ఆ మాట పనివాళ్లకు చెప్పే పని బాబాయి మీద పడింది. ముప్పై ఏళ్లు ఆ యంత్రం మీదే పనిచేసిన లియో టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా బయటికి నడిచాడు. ఆ తర్వాత బాబాయితో మాట్లాడలేదు. చర్చిలో వెనక బల్లకి మారిపోయాడు. రెండేళ్లకు మిల్లు మొత్తం మూతపడి బాబాయి ఉద్యోగమూ పోయింది. అయినా మాట్లాడలేదు.

"చివరి వారం హాస్పిటల్‌లో తలుపు చప్పుడైతే చాలు, లియో వచ్చాడా అనేవారు. నర్స్ వచ్చినా అదే మాట. నేనేం చెప్పేది? ట్రాఫిక్ ఉందేమోనండీ, వస్తాడు అనేదాన్ని. ఈ ఊళ్లో ట్రాఫిక్ ఏమిటే సుమా!" డబ్బా మూత పెట్టేసి పిన్ని గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి సమాధుల తోటకి వెళ్లాం. ఊరి పైన గుట్ట మీద ఉంది అది. గడ్డి మీద తెల్లగా మంచు పట్టింది. జార్జియాకి తీసుకెళ్లడానికి మాట్లాడుకున్న ఫ్యూనరల్ హోమ్ వాళ్ల వ్యాన్ అప్పటికే వచ్చి ఉంది. మన జేసీబీ లాంటి చిన్న యంత్రం పక్కన ఒక పొడవాటి ముసలాయన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఇంజిన్ ఆపేసి వచ్చాడు. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

"నన్ను గుర్తుపట్టారా కరుణా?"

"గుర్తుపట్టకేం లియో."

"మొదలుపెట్టే ముందు మీకో మాట చెప్పాలి." అతను బాబాయి సమాధి రాయి వైపు చూస్తున్నాడు. మీద ఇంగ్లీషులో, కింద తెలుగులో బాబాయి పేరు. "ఆయన తప్పేమీ లేదని నాకు ఆ రోజే తెలుసు. కంపెనీ పెద్దలు ఎక్కడో దూరాన ఉన్నారు, వాళ్ల మొహం నేనెప్పుడూ చూడలేదు. నాకు కనపడింది ఈయనొక్కడే. కోపం ఈయన మీద పెట్టుకున్నాను. తర్వాత దాన్ని దించడం చేతకాలేదు."

పిన్ని వంగి రాయి మీద పడి ఉన్న ఎండుటాకు తీసేసింది.

"జనవరిలో హాస్పిటల్‌కి వచ్చాను. పార్కింగ్‌లో ట్రక్కులో కూర్చున్నాను. మూడు రోజులు వచ్చాను. లోపలికి రాలేకపోయాను." అతను గ్లవ్స్ తీసి మళ్లీ తొడుక్కున్నాడు. "మేలో నేల మెత్తబడ్డాక ఈ గొయ్యి తవ్వింది నేనే. అప్పటి నుంచి గడ్డి కోయడానికి వచ్చినప్పుడల్లా ఇక్కడ కూర్చుంటాను. హాకీలో ఎవరు గెలిచారో చెబుతాను. ఊళ్లోంచి ఇంకెవరు వెళ్లిపోయారో చెబుతాను. బతికున్నవాళ్లు పోవడం అలవాటైపోయింది. చనిపోయినవాళ్లు కూడా వెళ్లిపోతారని నేను అనుకోలేదు."

పిన్ని బూట్లతో మంచు గడ్డిని అటూ ఇటూ రాస్తూ చాలాసేపు నిలబడింది. వద్దులే, ఉంచేయండి అంటుందేమో అనుకున్నాను. వ్యాన్ డ్రైవర్ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, చేతిలో కాఫీతో అటు తిరిగి నిలబడ్డాడు.

"లియో," అంది చివరికి, "నాకు అరవై ఎనిమిదేళ్లు. పదమూడు వందల మైళ్లు ఎన్నిసార్లు రాగలను? పుట్టబోయే పిల్లకి తాతగారిని చూపించాలి కదా. నన్ను తీసుకెళ్లనివ్వు."

అతను తలూపాడు. "మా అబ్బాయి అరిజోనాలో, చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. నన్నూ వచ్చేయమంటాడు. నా భార్య ఆ రెండో వరసలో ఉంది." ఆ వరస వైపు చూస్తూనే అడిగాడు. "చివర్లో నా గురించి ఏమైనా అన్నాడా?"

నేను పిన్ని మొహం చూశాను.

"అన్నారు" అంది పిన్ని. "స్కేటింగ్ నేర్పింది లియోనే అని నర్స్‌లందరికీ చెప్పారు. మణికట్టు కూడా చూపించారు."

లియో మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత వెళ్లి యంత్రం ఎక్కాడు.

మట్టి తీయడానికి గంట పట్టింది. ఆఖరి అడుగు యంత్రం వాడకుండా పారతో తానే తీశాడు. శవపేటిక ఉన్న సిమెంటు పెట్టెకు గొలుసులు కట్టి నెమ్మదిగా పైకి లేపారు. ఊరి చర్చికి ఇప్పుడు సొంత పాస్టర్ లేరు, నెలకు రెండు ఆదివారాలు పక్క ఊరాయన వస్తారట. అందుకని పిన్నే ప్రార్థన చేసింది, తెలుగులో. లియోకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. టోపీ తీసి పట్టుకుని, ఆమెన్ అన్నప్పుడు తనూ అన్నాడు.

వ్యాన్ తలుపులు మూశాక అతను నా దగ్గరికి వచ్చి అడిగాడు. "రాయి కూడా తీసుకెళ్తారా?"

పిన్నికి వినపడింది. "రాయి ఉండనీ లియో. అక్కడ కొత్తది చేయిస్తాం. ఇది నీ దగ్గరే ఉండనీ."

బయలుదేరేసరికి పదకొండు దాటింది. డోనా దారిలో తినమని బ్లూబెర్రీ మఫిన్లు ఇచ్చింది. వ్యాన్ మా ముందు చాలా దూరం వెళ్లి, బ్యాంగర్ దగ్గర దక్షిణం వైపు హైవే ఎక్కింది. అది కనుమరుగయ్యేదాకా పిన్ని చూస్తూనే ఉంది. నిస్సీ ఫోన్ చేసి, "మమ్మీ, యు ఓకే? అన్నం తిన్నావా?" అంటే, "అంతా బాగా జరిగిందమ్మా" అని పెట్టేసింది.

ఇది చూడదగ్గ ఊరేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. నది బాగుంటుంది, కొండలు బాగుంటాయి, మోటెల్‌లో పలకరింపు ఉంటుంది. అయితే అక్కడ ఎవరిని కదిపినా ముందు వెళ్లిపోయినవాళ్ల పేర్లే చెబుతారు. మిల్లు పోయిందని పేపర్లలో ఒక్క వాక్యంలో రాసేస్తారు. దాని వల్ల ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరు మనుషులు ఎలా విడిపోయారో ఎవరూ రాయరు. విమానం లేచాక నది కనిపించింది గానీ, ఊరెక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

మబ్బుల పైకి వచ్చాం. పిన్ని నిద్రపోయిందనుకున్నాను. కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"కిందే ఉన్నాడటే సుమా" అంది. "మూడు రోజులూ. ఆయన తలుపు వైపు చూస్తూ ఉంటే, వాడు కింద ట్రక్కులోనే ఉన్నాడట."

ఆమె భుజాలు కదలడం మొదలైంది. బాబాయి పోయినప్పుడు కూడా పిన్ని అంతగా ఏడవలేదని మా అమ్మ చెబుతుంది. ఫిలడెల్ఫియా వచ్చేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు.