సైటుకు వినపడని గొంతు

మార్కాపురంలో నెట్ సెంటర్ నడిపే ముస్తాక్ అహ్మద్, సైటు ఏ ఫైలు వద్దన్నా మెడ రుద్దుకుంటూ దాన్ని పీడీఎఫ్ చేసి ఎక్కిస్తాడు. పలకల గనిలో రాయి పడి చనిపోయిన కొడుకు ఆ రోజు పొద్దున తనకు పంపిన వాయిస్ మెసేజ్‌తో రామతులసమ్మ వచ్చింది. “మేస్త్రీ దిగమంటాండాడమ్మా, పైన రాయి కదుల్తాంది.” మేస్త్రీ మీద ఆమెకున్న సాక్ష్యం అదొక్కటే. ఫిర్యాదు సైటు ఆడియో తీసుకోనంది.

“దీనికి కండ్లే గానీ చెవుల్లేవవ్వా,” అంటూ ముస్తాక్ ఆ మాటలు టైపు చేసి చదివి వినిపించాడు.

“వాని గొంతు వణికింది గదా నాయనా, అది ఏడ రాసినావు?”

అతను కింద ‘గొంతు వణుకుతోంది’ అని చేర్చి, అదీ చదివాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని కొడుకు మాట మళ్లీ చివరిదాకా విన్నది.

అతను చేర్చిన రెండు మాటల వైపు వేలు చూపి, “ఇంతేనా నాయనా వణికింది?” అంది.