నాణెం జరిగిన శుక్రవారాలు

బంగారమంటే మా వాళ్ళకు మెడలోకో చెవులకో రావాలి. ఒంటిమీద పెట్టుకోవడానికి పనికిరాని బంగారాన్ని డబ్బాలో దాచి, వారానికొకసారి బయటికి తీసి, ఫొటో తీసుకుని మళ్ళీ డబ్బాలో పెట్టేసే ఆడది మేము వలసొచ్చిన ఈ మగ్గాల ఊరు నాగావ్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని మా ఆయన దెప్పేవాడు. నాకు మీసాలు లేవు కనుక నూనె ఖర్చు లేదని నేననేదాన్ని. ఆ పిచ్చి వల్లే మేము బతికి ఉన్నామని ఇప్పుడు అందరూ అంటారు. కానీ నాకు దాన్ని తలుచుకుంటే గర్వం రాదు, భయమే వస్తుంది.

మొదటి నాణెం మా అమ్మ ఇచ్చింది. నిజాం కాలపు పావు అష్రఫీ, బొటనవేలి గోరంత ఉంటుంది. దాని మీద చార్మినార్ బొమ్మ. కరిగించి కమ్మలు చేయించుకొమ్మని ఇచ్చింది గానీ, కంసాలి ముందు కూర్చున్నాక ఆ చిన్న మీనార్లను మంటలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఉత్త చెవులతోనే ఇంటికి వచ్చాను. తర్వాత చిట్టీ ఎత్తినప్పుడల్లా వీలైతే ఒక నాణెం కొన్నాను. అన్నీ కలిపినా అరచేతిలో పడతాయి.

పక్క ఊరు కాశేలిలో ఒక గోదాములో నా ఉద్యోగం. వాపసు వచ్చిన సామాన్లకు ఫొటోలు తీసి, ఎక్కడ గీత పడింది, ఎక్కడ సొట్ట పోయింది, అది కొత్తదా పాతదా అని చెప్పాలి. ఆ కన్నే నాణేల మీదికీ పోయింది. నాణేనికి గ్రేడు కట్టడమంటే అదే పని, కాకపోతే ఇంకా దగ్గరగా చూడాలి. ఎత్తుగా ఉన్న చోటు ముందు అరుగుతుంది. అష్రఫీకైతే మీనారు కొసలు. ఎంత ముద్దొచ్చినా తుడవకూడదు. తుడిస్తే బంగారం మెరుస్తుంది గానీ నాణెం విలువ పోతుంది. కొత్త గీత తళుక్కుమంటుంది, పాత గీతలో మురికి చేరి చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది. ఒకడు నన్ను నిలువునా ముంచాడు కూడా. గీతలు పడ్డ నాణేనికి మైనంలాంటిదేదో పూసి కొత్తదని అంటగట్టాడు. గోళ్ళరంగు తుడిచే మందులో వేయగానే గీతలన్నీ బయటపడ్డాయి. అప్పటినుంచి పైకి కనబడేదాన్ని నేను నమ్మనని అనుకునేదాన్ని.

మాది మగ్గాల మీది ఇల్లు. కింద ఇంటి యజమాని సేఠ్ గారి పవర్‌లూమ్‌లు, పైన రెండు అంతస్తుల్లో రూములు, పై అంతస్తులో మాది. మా ఆయన ఆ కింది మగ్గాలే నడిపేవాడు. అవి నడుస్తున్నంతసేపూ గ్లాసులో నీళ్ళు వణుకుతూ ఉండేవి. అప్పుడు ఫొటో తీస్తే చార్మినార్‌కు ఎనిమిది మీనార్లు వచ్చేవి. అందుకే మగ్గాలకు సెలవుండే శుక్రవారమే నా ఫొటోల రోజు. గోదాములో సెలవు కూడా శుక్రవారానికి మార్పించుకున్నాను.

కిటికీ ఉన్న గోడలో ఇనుప కడ్డీ దిగ్గొట్టించి, దాని చివర పాత ఫోనొకటి తలకిందులుగా బిగించాను. ఆ ఫోను అక్కడినుంచి కదిలేది కాదు. దాని కింద చిన్న బల్ల. బల్ల జరగకుండా కాళ్ళ చుట్టూ నేల మీద గోళ్ళరంగుతో గుర్తులు పెట్టాను. బల్ల మీద నల్లగుడ్డ బిగించి, నాణెం పెట్టాల్సిన చోట సుద్దతో సున్నా చుట్టాను. ఫోను తెర నడుమ అడ్డగీత, నిలువుగీత కలిసే చోటికి ఆ సున్నా సరిగ్గా వచ్చేది. కిటికీకి మగ్గం మీది కోరా గుడ్డ కడితే వెలుతురు మెత్తగా పడేది. అప్పుడు అష్రఫీని అంచులు పట్టుకుని సున్నాలో పెట్టి, ఊపిరి బిగబట్టి ఫొటో తీసేదాన్ని.

మా అత్తమ్మ అక్కడే, అదే గోడకానుకుని కూర్చుని ఉండేది. మోకాళ్ళు పోయి, మెట్లు దిగడం మానేసి ఏళ్ళయింది. వయసులో నూలు కండెలు చుట్టిన చేతులు, ఊరికే ఉండలేవు. మా ఆయన తెచ్చిచ్చే దూదితో రోజంతా వత్తులు చేసేది. ఆ బిల్డింగ్‌లో ఏ ఇంట్లో దీపం వెలిగినా అందులో ఆమె వత్తే.

వానలు వెనకబట్టాక ఒక శుక్రవారం సున్నా గీతలు కలిసే చోటికి రాలేదు. వెంట్రుకంత పక్కకు పోయింది.

"ఏమయ్యా, బల్ల జరిపినవా?" అని అడిగాను.

"నీ బల్ల ముట్టుకుంటే నా చెయ్యి నరుకుతవు. నేనెందుకు జరుపుత?" అన్నాడు. "స్క్రూ ఢీలా అయ్యుంటది, సూడు."

చూశాను. స్క్రూ బిగువుగానే ఉంది. మళ్ళీ శుక్రవారం సున్నా ఇంకాస్త పక్కకు పోయింది. వంగి చూస్తే బల్ల కాళ్ళు నేల మీది గుర్తుల్లోనే ఉన్నాయి. కడ్డీ గోడలో దిగినచోట పిసరంత కదల్లేదు. బల్ల నేల మీద కదల్లేదు, కడ్డీ గోడలో కదల్లేదు. మరి కదిలిందేది? గోడా, నేలా? ఆ మాట మనసులో అనుకోగానే నా కాళ్ళ కింద నేల ఉందో లేదో అన్నట్టు గట్టిగా తొక్కి చూసుకున్నాను.

మా ఆయనకు చెప్తే మొదట నవ్వాడు. నా మొహం చూసి నవ్వాపి సేఠ్ దగ్గరికి పోయాడు. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"డర్ లగ్తా హై తో రూమ్ ఖాలీ కర్ దో అన్నడు. భయమైతే చాబీ ఇచ్చి పొమ్మన్నడు."

మా రూము పగ్డీది. మా మామ ఎప్పుడో ఉన్నదంతా ఊడ్చి సేఠ్ తండ్రి చేతిలో పోసి సంపాదించిన హక్కు. తాళం చేతికిచ్చి దిగితే ఆ హక్కు పోతుంది. మళ్ళీ అలాంటి రూము ఈ జన్మలో దొరకదు. మా ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు అత్తమ్మ చేతుల్లో వత్తి ఆగిపోయింది.

బిల్డింగ్‌లో తలుపు తలుపుకూ పోయి చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "మగ్గాల మీది ఇల్లు ఊగక ఉంటదా?" అన్నారు. "ఏంది, నాణెం జరిగిందని ఇల్లు ఇడుస్తమా?" అని ఒకామె నాకు చాయ్ పోసి పంపింది. నాకూ ఎవరైనా అది అబద్ధమని చెబితే బాగుండుననిపించింది.

అప్పుడే కిటికీ పక్కన, అత్తమ్మ కూర్చునే చోట వీపు వెనక, పైనుంచి కిందికి పాకిన పగులు మీద నా కన్ను పడింది. దగ్గరికి పోయి చూశాను. లోపల దూది నిండా పేరుకుని ఉంది. నా ప్రాణం కుదుటపడింది. కొత్త పగులైతే లోపల శుభ్రంగా, తెల్లగా ఉండాలి. ఇన్నేళ్ళు మగ్గాల దూది ఎగిరి చేరిందంటే ఇది పాత గీత. నాణేల విద్య అక్కరకొచ్చిందని మురిసిపోయి, మా ఆయనకు కూడా ధైర్యం చెప్పాను. ఆ వారం కడుపునిండా తిన్నాను.

తర్వాతి శుక్రవారం అష్రఫీని సున్నాలో పెట్టి ఫోన్లో చూస్తే, అది గీతల మధ్యనుంచి పూర్తిగా బయటికి పోయి ఉంది. మళ్ళీ పగులు దగ్గరికి పోయాను. ఈసారి తీరిగ్గా, ఒక నాణేన్ని చూసినట్టు చూశాను. మా ఇంట్లో అటకల మీద, ఫ్యాను రెక్కల మీద ఎక్కడ చూసినా దూది ఉంటుంది, కానీ అది మగ్గాల నూనె పట్టి నల్లగా, జిడ్డుగా ఉంటుంది. పగులులో ఉన్నది మల్లెపూవులా తెల్లగా ఉంది. జడపిన్ను తీసి కొస పట్టి లాగాను. అది పీచులా రాలేదు. తాడులా వచ్చింది. పేనిన తాడు. లాగినకొద్దీ వస్తూనే ఉంది, నేను లాగుతూనే ఉన్నాను. చివరికి అది ఊడి నా చేతిలోకి రాగానే పగులులోంచి చల్లటి గాలి నా మొహానికి కొట్టింది. వీధిలో ఆటో హారన్ గోడలోంచి వినబడింది.

"తియ్యకు బిడ్డా" అంది అత్తమ్మ, నా వెనక మంచం మీదినుంచి.

అలా దూదిని పేనే చేతులు ఆ బిల్డింగ్‌లో ఇంకెవరికున్నాయి?

"ఎప్పటిసంది పెడుతున్నవు అత్తమ్మా?"

"వానలప్పటిసంది. ఈపుకు గాలి కొట్టింది. సూస్తే గోడ ఇచ్చుకున్నది. మీరు సూస్తే దిగుదమంటరు. దిగితే సేఠ్ తాళమేస్తడు. మీ మామ పానం ధారవోసి పట్టిన ఇల్లు. పోతే గీ ఇంట్లనే పోత గని, రోడ్డు మీద పోను."

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. "నువ్వొక్కదానివే పోతవా? ముగ్గురం పోతం. కింద మగ్గాలోల్లు పోతరు" అని అరిచాను. ఆమె తల దించుకుంది. నేను పక్కన కూలబడి నా ఫోన్లోకి తెచ్చుకున్న శుక్రవారాల ఫొటోలు వరసగా చూపించాను. మొదటి దాంట్లో అష్రఫీ గీతల నడుమ ఉంది, తర్వాత కొంచెం పక్కకు, ఇంకొంచెం పక్కకు, చివరిదాంట్లో బయటికి. ఆమె ఫోను కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"మొదాల దీపం వత్తంత పట్టింది" అంది మెల్లగా. "మొన్న పిడికెడు పట్టింది. ఇయ్యాల్ల పొద్దుగాల మీదికెల్లి పెట్టిన దూది నిలువలే. గోడ అవుతలికి పడిపోయింది." ఫోను నా చేతిలో పెట్టింది. "నాకు గూడ మస్తు భయమైతున్నది బిడ్డా. ఎవలికి చెప్పుకోను?"

ఇన్నాళ్ళు ఆ గోడకు వీపు ఆనించి, ఆ భయాన్ని ఒక్కతే మోస్తూ కూర్చుంది. నా కోపం నీరైపోయింది. ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని ఏడ్చాం. ఆ తర్వాత ఆమే అంది, "లేపు నన్ను."

మా ఆయన్ని కేకేసి పిలిచి, ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఆమె నిలబడి దిగలేదు కనుక, మెట్టు మీద కూర్చుని కింది మెట్టు మీదికి జరుగుతూ దిగింది. ప్రతి మెట్టు దగ్గరా ఆ గోడ ఇప్పుడే మీద పడుతుందేమోనని నేను పైకి చూస్తూనే ఉన్నాను. ఎవరి తలుపు వచ్చినా ఆమె ఆగి చేత్తో కొట్టి పిలిచింది. "పగులు నేనే మూసిన. పొరపాటు చేసిన. నేను దిగుతున్న, మీరు గూడ దిగుండ్రి."

మెట్ల మీద కూర్చుని జరుగుతున్న ఆ ముసలిదాన్ని చూసి ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు. ఆ రూము కోసం ఆమె ఎంతకు తెగిస్తుందో ఆ బిల్డింగ్‌లో అందరికీ తెలుసు. అలాంటిది ఆమే దిగుతోందంటే ఇంక చెప్పేదేముంది? నాకు చాయ్ పోసి పంపినామె పొయ్యి మీది అన్నం కూడా వదిలేసి పిల్లల్ని చంకనేసుకుని ఉరికింది.

ఎదురు షెడ్డు కింద నిలబడ్డాక గుర్తొచ్చింది. డబ్బా నా కొంగులోనే ఉంది గానీ, పావు అష్రఫీ బల్ల మీద, సున్నాలోనే ఉండిపోయింది. నా నోరు ఊరుకోక ఆ మాట బయటికి అనేశాను. మా ఆయన వెంటనే మెట్లవైపు కదిలాడు. ఇన్నేళ్ళు దెప్పిన మనిషి! నేను చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాను.

"నూనె పోతే పోనియ్యి" అన్నాను ఏడుస్తూ. "మీసాలు మిగలాలె."

మర్నాడు మగ్గాలోళ్ళు లోపలికి పనికి పోమని మొండికేశారు. సేఠ్ తిట్టాడు, బతిమాలాడు, ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే, మా కిటికీ ఉన్న వైపు మెట్లతో సహా కిందికి దిగిపోయింది. నేను పెద్ద చప్పుడు ఊహించుకున్నాను. అంత చప్పుడు లేదు. దుమ్ము లేచింది, అంతే. దుమ్ములో తెల్లగా దూది ఎగిరింది. అత్తమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అష్రఫీ దొరకలేదు. దాని ఫొటోలే మిగిలాయి.

ఇప్పుడు కాశేలిలో నేల మీది ఇంట్లో ఉంటున్నాం. కిరాయిది. కింద మగ్గాలు లేవు, గ్లాసులో నీళ్ళు వణకవు. అయినా రాత్రుళ్ళు ఊరికే లేచి గోడలు తడుముతుంటాను. మొన్న శుక్రవారం మిగిలిన నాణేలు పరుచుకుని కూర్చుంటే అత్తమ్మ పిలిచింది. ఆమె మంచం పక్కన సున్నంలో సన్నటి గీత. ఆమె దాన్ని మూయలేదు. బొగ్గుతో చుట్టూ సున్నా గీసి పెట్టింది.

దగ్గరికి పోయి, ఫొటో తీసి, పెద్దది చేసి చూశాను. లోపల దుమ్ము ఉంది. పైపై సున్నంలోనే ఉన్నట్టు కనబడింది. "పాతదే అత్తమ్మా, భయం లేదు" అన్నాను.

ఆమె గోడను చూడలేదు, నా మొహం చూసింది. "నిజంగనేనా? నా లెక్క నువ్వు గూడ దూది పెడ్తున్నవా?"

ఫోను ఆమె చేతికే ఇచ్చాను. ప్రతి శుక్రవారం ఇద్దరం కలిసి చూస్తున్నాం.