కోసిండ్రా, గుంజిండ్రా?

రాజనర్సుకు ఏ సంగతైనా సగం చెబితే నచ్చదు. కోరుట్లలో మా ఆసుపత్రిలో ఆయన పని మెడికల్ కోడింగ్. అంటే డాక్టర్ చేసిన వైద్యాన్ని ఇన్సూరెన్స్ కోసం కోడ్ నంబరుగా మార్చడం. 'చెయ్యి కీలు తప్పింది' అని రాస్తే ఆయన కలం కదలదు. ఏ చెయ్యి? ఏ వేలు? ఎన్నో కీలు? కోసి సరిచేశారా, పైనుంచి గుంజి కూర్చోబెట్టారా? దేని కోడ్ దానిదే.

ఈ జబ్బు ఇంటికీ పాకింది. భార్య రాములవ్వ "కాలు నొస్తంది" అంటే "ఏ కాలు?" అంటాడు. "నీ తలకాయ!" అంటే "కుడి పక్కనా, ఎడమ పక్కనా?"

ఆ రోజు సతీశ్ వచ్చాడు. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే నేత కార్మికుడు. దుబాయ్ వీసా కోసం కోరుట్ల ఏజెంటు చుట్టూ తిరుగుతూ నెల కింద ఇక్కడే జారిపడ్డాడు. వేలి కీలు తప్పితే మా డాక్టర్ కరుణాకర్ రావు సరిచేశాడు. తెల్లారితే హైదరాబాద్‌లో వీసా మెడికల్. వైద్యం కాగితం తెమ్మన్నారట. అలాంటి కాగితాలు సరిచూసి స్టాంపు వేసేదీ రాజనర్సే. మూడింటికి బయలుదేరాల్సిన ఏజెంటు జీపు గేటు ముందు హారన్ కొడుతోంది.

"సార్, జల్ది స్టాంపు గుద్దుండ్రి. సాంచలు బందై ఆర్నెల్లాయె. గీ వీసా పోతే ఇంట్ల పొయ్యి ఎలగది."

"ఏ వేలు తమ్మీ?"

"నడిమి వేలు."

"ఎన్నో కీలు?"

"నడిమిదే సార్!"

"కోసిండ్రా, గుంజిండ్రా?"

"గుంజిండ్రు! నేను మొత్తుకుంటే జగిత్యాల దాక ఇనవడ్డది!"

"మరి గీ కాగితంల ఆపరేషనని ఎందుకున్నది?"

ఆ కాగితం టైపు చేసిన భాగ్య నాలుక కరుచుకుంది. చేతి కేసు ఏదొచ్చినా పాత ఫైలు తెరిచి పేరొక్కటే మార్చడం ఆమె పద్ధతి. సతీశ్ ముఖం పాలిపోయింది. ఆపరేషనైన చెయ్యంటే మెడికల్‌లో తిప్పి పంపుతారని ఏజెంటు ముందే హెచ్చరించాడు. కొత్త కాగితం మీద డాక్టర్ సంతకం కావాలి. ఆయన పై అంతస్తులో రౌండ్లలో ఉన్నాడు.

రాజనర్సు కొత్త కాగితం పట్టుకొని మెట్లెక్కకుండా గేటు వైపు నడిచాడు.

"అటెటు పోతున్నవే?" అని అరిచాను. రెండు నిమిషాలకు తిరిగొచ్చి పైకి పోయాడు. మూడు దాటింది. హారన్ ఆగిపోయింది.

"పోయింది సార్, జీపు పోయింది," అంటూ సతీశ్ నేలమీదే కూలబడ్డాడు.

మూడూ ఇరవైకి సంతకంతో కాగితం దిగింది. అందరం గేటుకు పరుగెత్తాం. జీపు అక్కడే ఉంది. డ్రైవర్ ఏసయ్య దాని పక్కన నిలబడి కుడిచెయ్యి గానుగలా గిరగిరా తిప్పుతున్నాడు. లోపల కూర్చున్నవాళ్లు లెక్కపెడుతున్నారు.

"తొంభై ఒకటి... ఆగుండ్రి, లెక్క తప్పుత! ఇప్పటికే రెండుసార్లు తప్పి మళ్ల మొదటికెల్లి తిప్పుతున్న. డ్రైవర్ల బుజానికి గిది పరీక్షంట, నూరు సార్లు తిప్పి, ఎన్నోసారికి బుజం నొస్తదో చెప్పుమన్నడు సారు."

సతీశ్ జీపెక్కాడు. ఏసయ్య వంద పూర్తిచేసి, రొప్పుతూ రాజనర్సు వైపు తిరిగాడు.

"నొస్తనే లేదు సార్!"

"నొస్తదని నేనెప్పుడన్న? పో, పొద్దువోతంది."