మూతి మాత్రం రాహేలుది

కాజీపేట చర్చిలో రాహేలు పాట ఎత్తుకుందంటే, జంక్షన్‌లో కదలబోయే బండి కూడా ఆగి, చరణం పూర్తయ్యాకే వెళ్లేదని ఆ వాడలో చెప్పుకుంటారు. ఆమె నాన్న ఇస్సాకు రైల్వేలో పట్టాల మీద పనిచేస్తాడు. బండి ఆగిన మాట అబద్ధమని ఆయనకు తెలుసు. అయినా ఒక్కనాడూ కాదనలేదు.

పాట నుంచి ఆమె నాటకానికి వచ్చింది. హనుమకొండలో ఆడిన నాటకం చూసిన సినిమా దర్శకుడు రమాకాంత్, "ఈ గొంతే నాకు కావాలి" అన్నాడు. ఆ ఒక్క మాట నమ్మి రాహేలు టీచరు ఉద్యోగం వదిలేసింది. సినిమాలో తమ్ముడి శవం పక్కన నిలబడి, పొలం లాక్కున్నవాణ్ని మాటలతో కడిగేసే సన్నివేశం ఆమెది. ఆ రోజు షూటింగులో లైట్లు పట్టుకున్నవాళ్లు సైతం ఏడ్చారు.

ట్రైలర్ వచ్చింది. ఇస్సాకు ఫోను కళ్ల ముందు పెట్టుకున్నాడు, చెవికి ఆనించుకున్నాడు, మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకున్నాడు.

"బిడ్డా, మూతి నీదే. మాట్లాడేదెవలే?"

రాహేలుకు ఒళ్లు భగ్గుమంది. వెంటనే రమాకాంత్‌కు ఫోను చేసింది.

"నీ యాస మరీ మోటుగా ఉందమ్మా, వేరే అమ్మాయితో డబ్బింగ్ చెప్పించాం. అన్ని ఊళ్లవాళ్లూ చూడాలి కదా!" అన్నాడాయన.

"అదే పనిమనిషి వేషమైతే నా యాసే ఉంచుతుంటిరి కదా సార్, నవ్వుకోనీకి?"

ఆ మాట విననట్టే, "ఆదివారం మీ ఊళ్లోనే ఫంక్షన్. స్టేజీ మీద ఆ డైలాగు మీ వరంగల్ మాటలో దంచు. లోకల్ పిల్లవి, జనం ఊగిపోతారు" అన్నాడు.

సినిమాకు పనికిరాని గొంతు చప్పట్లకు పనికొస్తుందన్నమాట! ఆ కోపాన్ని ఆమె ఆదివారం దాకా చల్లారనివ్వలేదు.

మైదానం కిక్కిరిసింది. రాహేలు మైకు అందుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి, వేలు పైకి లేచింది. పెదవులు డైలాగంతా పలుకుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

"మైకు! మైకు!"

"అరే మైకన్నా, నిద్రపోతానవా?"

మైకతను ఉరికొచ్చి వైర్లు పీకి పెట్టాడు. మైకు తట్టాడు. టకటకా బాగానే మోగింది. ఆమె పెదవులు ఆగలేదు. రమాకాంత్ చెమట తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు పళ్లు బిగించి.

రాహేలు మైకు తీసి ఆయన నోటి ముందు పెట్టింది.

"నా యాక్టింగ్ నేను చేసిన సార్. గొంతు మీ దగ్గరనే ఉన్నది కదా, పెట్టుకోండ్రి!"