తాండూరు రాళ్ల కోటలో చిన్న తలుపు

దయ్యాల ముచ్చట మొదలైతే స్టాఫ్‌రూంలో అందరికంటే ముందు లేచి వెళ్లిపోయేది నేనే. ఇరవై ఏళ్లుగా సోషల్ చెప్తున్నాను. బడి గేటుకు ఎవరో నిమ్మకాయ, మిరపకాయలు కడితే నా చేత్తోనే తెంపి పారేశాను. ఇప్పటికీ నాకు అలాంటి వాటి మీద నమ్మకం లేదు. అందుకే ఈ సంగతి నన్ను ఇంత సతాయిస్తోంది. నమ్మేవాళ్లయితే దీనికి ఏదో ఒక పేరు పెట్టి ఊరుకుంటారు. నాకు ఆ వీలు కూడా లేదు.

మా ఇల్లు వికారాబాద్‌లో, బడి తాండూరు దగ్గర ఒక ఊళ్లో. పొద్దున రైలు, దిగాక షేర్ ఆటో. రైలు ఆలస్యమైతే ఫోన్లో హాజరు పడదు, హాజరు పడకపోతే సంజాయిషీ రాసివ్వాలి. ఈ తలనొప్పులు చాలవన్నట్టు జిల్లా ఎగ్జిబిషన్ ఒకటి వచ్చి పడింది.

ప్రతి ఏడూ ఏ బడి చూసినా చార్మినారో, గోల్కొండో తెస్తుంది. చూసి చూసి విసుగొచ్చింది. ఈసారి కాన్‌స్టాంటినోపుల్ కోట చేద్దామని తొమ్మిదో తరగతి పిల్లలతో అన్నాను. పశ్చిమాన రోమ్ పడిపోయాక తూర్పున దాదాపు వెయ్యేళ్లు నిలిచిన రోమన్ రాజధాని అది. పుస్తకాలు వాళ్లను బైజాంటైన్లు అంటాయి గానీ, అక్కడి జనం చివరిదాకా తాము రోమన్లమనే చెప్పుకున్నారు. ఆ మొండితనం నాకు ఇష్టం.

మా దగ్గర రాయికి కొదవ లేదు. పాలిషింగ్ యూనిట్ల వెనక పారేసిన బండ ముక్కలు పిల్లలు సంచుల్లో మోసుకొచ్చారు. కందకం, బయటి గోడ, లోపలి గోడ వరుసగా లేచాయి. కొబ్బరి చిప్పకు రంగేసి పెద్ద చర్చి గుమ్మటం చేశారు. నగరానికి ఆపద వస్తే మరియమాత పటాన్ని గోడల వెంట ఊరేగించేవాళ్లని చెప్పాను. వెంటనే ఎవరో గోరంత పటం తెచ్చి అతికించారు.

గోడకు ఉత్తరపు కొసన బొటనవేలంత తలుపు ఒకటి. ఐస్‌క్రీం పుల్ల కోసి, గుండుసూదితో బిగించాం. ఒట్టోమన్ల ఫిరంగులు వారాల తరబడి కొట్టినా లొంగని ఆ నగరం, ఎవరో మూయడం మరిచిన ఒక చిన్న తలుపు వల్ల పడిపోయిందని ఒక కథ ఉంది. చరిత్రకారులందరూ ఒప్పుకోరు. పిల్లలు శ్రద్ధగా వింటారని నేను చెప్తుంటాను.

ఆ కథ చెప్పిన రోజు మొగులమ్మ కూడా చీపురు పట్టుకుని నిలబడి విన్నది. బడి ఊడ్చేదీ, పొద్దున గదులు తెరిచేదీ ఆమే. ఆమె బిడ్డ సునీత ఆ కోట కట్టిన పిల్లల్లో ఒకతె. ఎగ్జిబిషన్లో జడ్జిలకు వివరించాల్సింది కూడా సునీతే.

"గంత పెద్ద కోట వడిపోతే, తలుపు మూయనోని మీదికే తోసిన్రా మేడం?" అన్నది మొగులమ్మ. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

మంగళవారం పొద్దున చూస్తే ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్లల పని అనుకుని నాలుగు తిట్టి మూశాను. బుధవారం మళ్లీ అంతే. ఆ సాయంత్రం గదికి తాళం వేయించాను. గురువారం మళ్లీ తెరిచే ఉంది. ఒళ్లు మండిపోయింది. రెండు ట్యూబుల జిగురు కలిపి తలుపును గోడకు అతికించేశాను. ఆరాక గోటితో లాగి చూస్తే కదల్లేదు.

శుక్రవారం తెరిచి ఉంది.

ఇక్కడ నేను చూసింది చూసినట్టే చెప్తాను. విరిగిన జిగురు ముక్క ఒక్కటి కూడా లేదు. పుల్ల అంచు అసలు జిగురే తగలనట్టు శుభ్రంగా ఉంది. మా వైపు రాతి దుమ్ము ఎలాంటిదంటే, సాయంత్రం తుడిచిన బల్ల పొద్దునకు తెల్లబడుతుంది. ఆ దుమ్ము కోట మీదా, కింది చెక్క మీదా సమంగా పరుచుకుని ఉంది. ఎక్కడా వేలిముద్ర లేదు. తలుపు తిరిగిన చోట గీత కూడా లేదు.

ఇంత చూసి కూడా నా బుర్ర తాళంచెవుల దగ్గరికే పోయింది. ఉన్నవి రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి మొగులమ్మ దగ్గర.

శనివారం స్టాఫ్‌రూంలో అందరి ముందే ఆమెను నిలదీశాను.

"నేను ముట్టలే మేడం. నా బిడ్డ జేసిన దాన్ని నేనెందుకు ఖరాబ్ చేస్త?" అన్నది.

ఆ మాటలో న్యాయం ఉంది. కానీ వారం రోజుల చిరాకు ఎక్కడో ఒకచోట దిగాలి కదా, ఉరుము ఉరిమి మంగళం మీద పడింది. హెడ్మాస్టరు గారికి గొడవ లేకుండా రోజు గడిస్తే చాలు. "మొగులమ్మా, సోమారం సంది నువ్వు రాకు" అని అక్కడే తేల్చేశారు. ఆమెది పర్మినెంట్ పని కాదు, ఒక్క మాటతో పోయింది. వద్దని నేను అనలేదు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సునీత కిటికీ బయట నిలబడి ఉండటం ఆ తర్వాత చూశాను.

ఆ సాయంత్రం తలుపును మళ్లీ జిగురుతో అతికించాను. గదికి నేనే తాళం వేసి, రెండు చెవులూ నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి వచ్చాను. ఆదివారమంతా ఆ బ్యాగు వికారాబాద్‌లో మా బీరువాలోనే ఉంది.

సోమవారం కోటను ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లే వ్యాను బడి ముందు ఆగి ఉంది. తాళం నేనే తీశాను. కిటికీల గడియలు లోపల వేసినవి వేసినట్టే ఉన్నాయి.

కోట తలుపు తెరిచి ఉంది.

భయం కంటే ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. వరండాలో పిల్లల అడుగుల చప్పుడు వినబడింది. బొటనవేలితో తలుపు మూసేశాను. ఎవరికీ చెప్పలేదు.

సునీత ఆ రోజు బడికి రాలేదు. చెప్పాల్సిందంతా వ్యానులోనే ఇంకో అమ్మాయికి బట్టీ పట్టించాను. మా కోటకు మొదటి బహుమతి వచ్చింది. ఆ తలుపు ఆ తర్వాత ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. కోట ఇప్పుడు ఆఫీసు రూములో ఉంది. వెళ్లినప్పుడల్లా చూస్తాను, మూసే ఉంటుంది. దానికీ నాకు చిరాకే. సైన్స్ సారును అడిగితే క్వారీ పేలుళ్ల అదురు అన్నాడు. అదురుకు గోడలు నిలబడి, జిగురు మాయమవుతుందా?

మూడు వారాలు నాలో నేనే కొట్టుమిట్టాడి, మొగులమ్మ తప్పేమీ లేదని చివరికి హెడ్మాస్టరుకు చెప్పాను. అప్పటికే ఇంకొకామెను పెట్టుకున్నారు. "ఇప్పుడెందుకు మేడం గా ముచ్చట?" అన్నారు.

ఆ సాయంత్రం మొగులమ్మ ఇంటికి వెళ్లాను. పాలిషింగ్ యూనిట్‌లో బండలు మోసి అప్పుడే వచ్చింది. జుట్టు నిండా తెల్లటి దుమ్ము. కుర్చీ తుడిచి వేసింది. తాళంచెవులు, జిగురు, దుమ్ము, సోమవారం నేను చూసింది, ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆ తలుపు ఎలా తెరుచుకుందో నాకు తెలియదన్నాను. ఈ రోజుకీ తెలియదు. ఎవరు అడిగినా అదే చెప్తాను.

మొగులమ్మ దాని గురించి అడగలేదు.

"అయితే సోమారం పొద్దుగాలనే మీకు ఎర్కైంది. మరి గప్పుడే ఎందుకు చెప్పలే మేడం?" అన్నది.

దానికి జవాబు నాకు తెలుసు. చెప్పకుండానే లేచి వచ్చేశాను.